మంచు రోడ్డుకి ఏ కారు కొనాలి?

స్నో బాగా పడే చోట కారు కొందామనుకునేవాళ్ళు ఎవరిని అడిగినా ముందు వినపడే సలహా ఒకటే, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ఎస్‌యూవీ తీసుకోమని. షోరూమ్ వాళ్ళూ అదే అంటారు. ప్రకటనల్లోనూ అదే బొమ్మ: తెల్లటి కొండ మీదకి స్నో చిమ్ముకుంటూ దూసుకెళ్ళే పెద్ద బండి. అదే బండి కొండ దిగుతూ కింద సిగ్నల్ దగ్గర ఎలా ఆగిందో మాత్రం ఎవరూ చూపించరు. కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఆ చూపించని సీనే.

ఇక్కడ తెలుగులో ఒక చిన్న చిక్కు ఉంది. ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టేదీ మంచే, పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే. మనకి అన్నిటికీ ఒకే మాట సరిపోతుంది గానీ టైరుకి సరిపోదు. అందుకే ఇక్కడ దూదిలా రాలేదాన్ని స్నో అని, అద్దంలా గడ్డకట్టేదాన్ని ఐస్ అని విడదీసి చెప్పుకుందాం. పొడి తారురోడ్డు మీద టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతుందో చెప్పే అంకె, సుమారు 0.8 ఉంటుందనుకుంటే, బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన స్నో మీద అది 0.2, 0.3 దగ్గరికి పడిపోతుంది, ఐస్ మీద 0.1, ఆ ఐస్ పైన తడి ఉంటే ఇంకా తక్కువ. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు గట్టిగా తొక్కితే, కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపు బండి నడిచే దూరం వదిలేసి లెక్కేసినా, పొడి రోడ్డు మీద 12 మీటర్లలో ఆగే కారుకి గుణకం 0.2 ఉన్న స్నో మీద 50 మీటర్లు, ఐస్ మీద దాదాపు 100 మీటర్లు కావాలి. ఈ లెక్కలో కారు బరువు ఎక్కడా రాదు. బరువు పెరిగితే టైరు రోడ్డుని గట్టిగా నొక్కుతుంది నిజమే, కానీ ఆపాల్సిన బరువు కూడా అంతే పెరుగుతుంది కాబట్టి రెండూ చెల్లు. ఇంజను రెండు చక్రాల్ని తిప్పుతోందా, నాలుగింటినా అన్నదీ ఈ లెక్కలో లేదు. ఇంకో సంగతి, బాగా గడ్డకట్టే చలి కంటే సున్నా డిగ్రీల చుట్టుపక్కలే రోడ్డు ఎక్కువ జారుతుంది. మైనస్ 20లో పొడిగా, గరుకుగా ఉండే ఐస్, మైనస్ 1 దగ్గర పైన పల్చటి నీటి పొరతో సబ్బు రాసినట్టు ఉంటుంది. "ఇవాళ చలి తగ్గింది, హాయిగా వెళ్ళొచ్చు" అనుకునే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు.

ఆల్ వీల్ డ్రైవ్ ఏం చేస్తుందంటే, ఇంజను శక్తిని నాలుగు చక్రాలకీ పంచుతుంది. దానివల్ల ఆగి ఉన్న కారు సులువుగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది, దిగబడితే బయటికొస్తుంది. ఇవేమీ చిన్న లాభాలు కావు. కానీ బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, అందులో ఆల్ వీల్ డ్రైవ్ కొత్తగా చేర్చేది ఏమీ లేదు. మలుపులో బండి పక్కకి జారకుండా పట్టుకునేది కూడా టైరే. పైగా దీనితో వచ్చే ఒక ముప్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: ఇంజను ముందు చక్రాల్ని మాత్రమే తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు సిగ్నల్ దగ్గర కదలబోతూ చక్రాలు గిర్రున తిప్పేసి, రోడ్డు జారుతోందని ముందే చెప్పేస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారు ఆ హెచ్చరిక ఇవ్వకుండా, ఏమీ కానట్టు, చక్కగా వేగం అందుకుంటుంది. రోడ్డు ఎంత నున్నగా ఉందో డ్రైవరుకి మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే, అప్పటికే వేగం 60లో ఉంటుంది.

ఆల్ వీల్ డ్రైవ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు కూడా. 1980లో ఆడి కంపెనీ క్వాట్రో కారు వచ్చి ర్యాలీల్లో గెలిచాక ఈ పేరుకి మామూలు కార్లలోనూ మోజు పెరిగింది. కొన్నిట్లో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి వెళ్తూనే ఉంటుంది. ఇప్పటి చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటిలో మాత్రం మామూలుగా ముందు చక్రాలే పనిచేస్తాయి, జారుతున్నట్టు తెలిసినప్పుడు ఒక క్లచ్ ద్వారా వెనక్కి శక్తి వెళ్తుంది, రోజువారీ వాడకానికి ఇది చాలు. పికప్‌ల్లో, జీపుల్లో కనపడే పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ వేరే కథ. అందులో ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసిపోతాయి, పొడి రోడ్డు మీద మలుపు తిరిగితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఒక కిలోమీటరు స్నో, తర్వాతి కిలోమీటరు మామూలు తారు, మళ్ళీ స్నో, ఇలా ఉండే రోడ్డు మీద అస్తమానం లివరు మార్చుకుంటూ కూర్చోవాలి.

ఫ్రంట్ వీల్ డ్రైవ్‌ని తక్కువ చేసి చూడక్కర్లేదు. ఇంజను ముందు చక్రాల నెత్తినే కూర్చుంటుంది కాబట్టి కారు బరువులో 60 శాతం దాకా తిరిగే చక్రాల మీదే పడుతుంది, చదును రోడ్డు మీద కదలడానికి అది బాగానే సరిపోతుంది. బాగా నిటారుగా ఉండే ఎత్తుల దగ్గరే ఇబ్బంది, అక్కడ బరువు వెనక్కి వాలిపోయి ముందు చక్రాలు తేలికవుతాయి. ఇంజను ముందుండి వెనక చక్రాలు తిరిగే కార్లకి స్నోలో చెడ్డపేరు ఉన్నమాట నిజమే, తేలికైన వెనక భాగం ఊరికే పక్కకి తిరిగిపోతుంది. వెనక మోటారు ఉన్న ఎలక్ట్రిక్ కార్లకి ఆ పేరు అంత అంటదు, బ్యాటరీ నేలంతా పరచుకుని ఉండడం వల్ల బరువు ముందూ వెనకా సమంగా ఉంటుంది, చక్రం జారబోతే మోటారు కన్ను మూసి తెరిచేలోపు శక్తి తగ్గించేస్తుంది.

ఈ రెండు, నాలుగు చక్రాల వాదన కంటే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ముఖ్యమైంది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. కారు డ్రైవరు తిప్పినవైపు కాకుండా ఇంకోవైపు జారుతుంటే, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలోకి లాగుతుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఒంటరిగా అదుపు తప్పి ప్రాణాల మీదకి వచ్చే ప్రమాదాల్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ తేల్చింది. అంతకంటే పాత కారు చూస్తుంటే ఇది ఉందో లేదో కనుక్కోకుండా ముందుకి వెళ్ళొద్దు. దిగబడ్డప్పుడు చక్రాలు కాస్త తిరిగితేనే బయటపడగలం కాబట్టి, చక్రాలు జారి ఊరికే తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపేసే బటన్ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి, టైర్లు. కారు మొత్తం రోడ్డుకి అంటుకునేది నాలుగు అరచేతులంత చోట్ల మాత్రమే, మిగతా టెక్నాలజీ అంతా ఆ నాలుగు అరచేతులు ఇచ్చే పట్టుని పంచుకోవడానికే తప్ప పెంచడానికి కాదు. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకోవడం మొదలవుతుంది, గడ్డకట్టే చలిలో దాదాపు గట్టి ప్లాస్టిక్‌లా తయారవుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి గీతలు వేల కొద్దీ ఉంటాయి, రోడ్డు మీద పడ్డప్పుడు అవి విచ్చుకుని అంచులతో స్నోని కొరుకుతాయి. గాడుల్లో స్నో ఇరుక్కుపోవడం లోపం అనుకుంటారు చాలామంది, నిజానికి అది కావాలనే చేసిన ఏర్పాటు. స్నో బంతి చేసినవాళ్ళందరికీ తెలుసు, స్నోకి బాగా అంటుకునేది స్నోనే. ఇదేమీ కొత్త ఆలోచన కాదు, ఫిన్లాండ్‌లో నోకియా పట్నంలోని కంపెనీ 1934లోనే స్నో కోసం ప్రత్యేకంగా ట్రక్కు టైరు చేసింది, రెండేళ్ళకి కార్లకీ తెచ్చింది.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద గుర్తు చూడాలి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అనే అక్షరాలు తయారీదారు తనంతట తాను వేసుకునేవి, వాటి వెనక పరీక్ష ఏదీ ఉండనక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో స్నో రేకు ఉన్న బొమ్మ ఉందంటే ఆ టైరు స్నో మీద ఒక పరీక్ష నెగ్గిందని అర్థం. జర్మనీ 2024 అక్టోబరు నుంచి శీతాకాలపు రోడ్ల మీద ఈ కొండ బొమ్మ ఉన్నవాటినే ఒప్పుకుంటోంది. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కకూడదు. ఆల్ సీజన్ అని పేరున్న మామూలు టైర్లు చాలావాటికి ఈ బొమ్మ ఉండదు, అన్ని కాలాలూ అన్నారు కదా అని స్నో కూడా అందులో ఉందనుకుంటే దెబ్బతింటాం. కొండ బొమ్మ ఉన్న ఆల్ వెదర్ రకం మధ్యస్థంగా ఉంటుంది, చలికాలంలో నాలుగైదుసార్లు స్నో పడి కరిగిపోయే చోట టైర్లు మార్చే టెన్షన్ లేకుండా అది బాగానే పనికొస్తుంది. నెలల తరబడి స్నో కదలని చోట మాత్రం అసలైన వింటర్ టైర్లే. ఎప్పుడూ ఐస్ మీదే తిరిగేవాళ్ళకి మేకుల టైర్లు ఇంకా మేలు, కాకపోతే వాటి చప్పుడు భరించాలి, తారుని తినేస్తాయి, జర్మనీలాంటి చోట్ల వాటికి అనుమతే లేదు. డబ్బు మిగులుతుందని ముందు రెండింటికే వింటర్ టైర్లు వేయించుకునేవాళ్ళుంటారు, దానంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు: ముందు భాగం గట్టిగా పట్టుకుంటుంది, వెనక భాగం జారుతుంది, బ్రేకు తొక్కగానే కారు బొంగరంలా తిరుగుతుంది. చట్టం చాలాచోట్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లున్నా సరే అంటుంది గానీ, స్నోకి గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలిన టైరుని వింటర్ టైరు అనుకోకపోవడమే మంచిది.

టైర్ల సంగతి కారు కొన్నాక చూసుకోవచ్చులే అనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే ఏ వేరియంట్ కొంటున్నామో దాన్నిబట్టే టైరు సైజు వస్తుంది. టాప్ వేరియంట్‌కి 20 అంగుళాల చక్రాలు, వెడల్పాటి పల్చటి టైర్లు ఇస్తారు, చూడ్డానికి బాగుంటాయి. స్నోకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: చిన్న చక్రం, సన్నటి టైరు, ఎత్తైన పక్క గోడ. సన్నటి టైరు స్నోని చీల్చుకుని కిందకి దిగుతుంది, వెడల్పాటిది పైన తేలుతుంది. స్నో కింద దాగిన గుంతలో పడ్డప్పుడు రిమ్ వంగకుండా కాపాడేదీ ఆ ఎత్తైన పక్క గోడే. అందుకని సంతకం పెట్టకముందే అడగాల్సిన ప్రశ్న, ఈ కారుకి అన్నిటికంటే చిన్న చక్రం ఏ సైజు పడుతుంది అని. పెద్ద బ్రేకులున్న వేరియంట్లకి చిన్న రిమ్ ఎక్కదు. మాన్యువల్‌లో చెయిన్ల గురించి, అంటే పట్టు కోసం టైరు చుట్టూ బిగించే గొలుసుల గురించి, ఏం రాశారో కూడా చూడాలి, టైరుకీ పైన గార్డుకీ మధ్య చోటు చాలదని చెయిన్లు వద్దనే మోడళ్ళున్నాయి, కొండ దారుల్లో చెయిన్లు తప్పనిసరి చేసిన రోజు అలాంటి కారు ఇంట్లో ఉండాల్సిందే.

గ్రౌండ్ క్లియరెన్స్ గురించి ఎక్కువ మాట్లాడుకోవాల్సిన పని లేదు. మామూలు సెడాన్ నేలకి 14, 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఎస్‌యూవీ 20 దాకా. స్నో ఆ లోతు దాటితే కారు పొట్ట స్నో మీద కూర్చుంటుంది, చక్రాలు గాల్లో తిరుగుతాయి, అప్పుడు నాలుగు తిరిగినా రెండు తిరిగినా ఒకటే. మీ రోడ్డు మీదకి స్నో తోసే బండి తెల్లవారేలోపు వస్తుందా, మధ్యాహ్నానికి వస్తుందా అన్నదాన్ని బట్టి ఈ ఎత్తు అవసరమో కాదో తేలుతుంది. రోడ్డు శుభ్రమే అయినా ఆ బండి ఇంటి ముందు వదిలి వెళ్ళే గట్టి స్నో కట్ట మీదుగా రోజూ బయటికి రావాలంటే మాత్రం నాలుగు సెంటీమీటర్లు ఎక్కువున్నా ప్రాణం సుఖంగా ఉంటుంది. ఎత్తు పెరిగితే మలుపుల్లో ఊగడం కూడా పెరుగుతుంది, అది దాని ఖరీదు.

జారడం కంటే ముందు కారు స్టార్ట్ అవ్వాలి కదా. మైనస్ 18 డిగ్రీల దగ్గర లెడ్ బ్యాటరీ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, సరిగ్గా అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం అడుగుతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. బ్యాటరీ మీద సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అని ఉండే అంకె ఈ మైనస్ 18లో అది ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేదే, కాబట్టి రెండు బ్యాటరీల్లో దేన్ని వేయించాలో తేల్చుకోవడానికి ఆ అంకె చాలు. విపరీతమైన చలి ఉండే చోట్ల ఇంజనుకి రాత్రంతా ప్లగ్గు పెట్టి వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ఉంటుంది, అలాంటి చోట కొంటుంటే అది ఉన్న కారే చూడాలి. డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోయే బెడద వేరే ఉంది, బంకుల్లో శీతాకాలపు డీజిల్ దొరికే చోట అది పెద్ద సమస్య కాదు.

ఎలక్ట్రిక్ కారు చలికి పనికిరాదన్న మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది. 2024లో నార్వేలో అమ్మిన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్ కార్లే, అక్కడ చలి తక్కువేమీ కాదు. అలాగని రేంజ్, అంటే ఒక చార్జ్ మీద నడిచే దూరం, తగ్గదని కాదు, బాగానే తగ్గుతుంది, బ్యాటరీ చల్లబడడం ఒక కారణం, లోపల హీటరు వాడకం ఇంకోటి. పెట్రోలు ఇంజను వృథాగా పారేసే వేడితోనే క్యాబిన్ వెచ్చబడుతుంది, ఎలక్ట్రిక్ కారు ఆ వేడిని బ్యాటరీ నుంచే పుట్టించాలి. బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది, కొన్ని మోడళ్ళలో అది అన్ని వేరియంట్లలో ఉండదు, అడిగి తెలుసుకోవాలి. ఫాస్ట్ చార్జర్ దగ్గరికి చేరేలోపు బ్యాటరీని వేడిచేసుకునే ఏర్పాటు ఉందా అన్నది అంతకంటే ముఖ్యం, చల్లటి లిథియం బ్యాటరీ వేగంగా చార్జ్ తీసుకోలేదు, తీసుకోబోతే పాడవుతుంది కాబట్టి కారే అడ్డుకుంటుంది. ఇంటి దగ్గర ప్లగ్గు ఉన్నవాళ్ళకి బయల్దేరే ముందే కరెంటుతో కారంతా వెచ్చబెట్టుకునే సౌఖ్యం ఇంకే కారులోనూ రాదు. వీధిలో పార్క్ చేసి పబ్లిక్ చార్జర్ మీదే ఆధారపడేవాళ్ళు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. స్నోలో ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కుంటే చలికి చచ్చిపోతామన్న భయం ఒకటి, లెక్కేసి చూస్తే హీటరు గంటకి 2 యూనిట్లు తిన్నా 60 యూనిట్ల బ్యాటరీ నిండుగా ఉంటే 30 గంటలు నడుస్తుంది. పెట్రోలు కారులో అలా కూర్చోవాల్సొస్తే అప్పుడప్పుడూ దిగి పొగ గొట్టం చుట్టూ స్నో తీసేస్తూ ఉండాలి, అది మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికే వస్తుంది. ఐస్ మీద యాక్సిలరేటరు నుంచి కాలు తీయగానే గట్టిగా పట్టేసే రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారుని ఆపుతూ బ్యాటరీని చార్జ్ చేసే పద్ధతి) చక్రాల్ని జార్చగలదు, దాన్ని తగ్గించుకునే వీలుందో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే చూడండి.

టెస్ట్ డ్రైవ్ అంటే గుర్తొచ్చింది, చేతికి మందపాటి గ్లోవ్స్ వేసుకుని వెళ్ళడం మంచిది. హీటరు, డీఫ్రాస్ట్, వెనక అద్దం వేడిచేసే స్విచ్, అన్నీ టచ్ స్క్రీన్ లోపల మూడో పేజీలో దాచిన కారు జనవరిలో ఎంత విసిగిస్తుందో అప్పుడు తెలుస్తుంది. తలుపుల్లో కలిసిపోయి ఉండే హ్యాండిళ్ళు ఐస్ పట్టి తెరుచుకోకపోవచ్చు. వైపర్లు బానెట్ కింద దాక్కునే డిజైన్ అయితే వాటిని పైకి తెచ్చే సర్వీస్ మోడ్ ఎలాగో కనుక్కోవాలి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ముందువైపు పెద్దగా వేడెక్కవు, పాత హాలోజెన్ లైట్ల వేడికి కరిగిపోయే స్నో వీటి మీద పేరుకుపోతుంది. రాడార్, కెమెరాల మీద స్నో పడితే వేగాన్ని తనంతట తానే చూసుకునే క్రూజ్ కంట్రోల్, ఆటోమేటిక్ బ్రేకు లాంటివి సెలవు తీసుకుంటాయి, వాటిని చూసుకుని శీతాకాలానికి కారు ఎంచుకోవడంలో అర్థం లేదు. సీటు, స్టీరింగు, ముందు అద్దం వేడిచేసే ఏర్పాట్లు విలాసం అనిపిస్తాయి గానీ, మూడింట్లో ముందు అద్దానిదే పెద్దపీట, రోడ్డు కనపడడం విలాసం కాదు కదా.

ఇక కారుని నిజంగా చంపేది స్నో కాదు, దాన్ని కరిగించడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు. మామూలు ఉప్పు మైనస్ 10 చుట్టుపక్కల నుంచి సరిగ్గా పనిచేయదు కాబట్టి ఇంకా చలి ఉండే చోట్ల కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు కలుపుతారు, అవి తేమని పీల్చుకుని కారు అడుగున జిగురులా పట్టుకుంటాయి. వెచ్చటి గ్యారేజీలో పెడితే కారు భద్రం అనుకుంటాం, తుప్పు విషయంలో అది తిరగబడుతుంది, గడ్డకట్టి ఉన్నంతసేపూ నిద్రపోయే ఉప్పునీరు వెచ్చదనానికి లేచి పని మొదలుపెడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు పైన రంగు తళతళలాడుతుంటే మురిసిపోకుండా, లిఫ్ట్ మీద ఎక్కించి బ్రేకు పైపులు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, చక్రాల పైన మడతలు చూడాలి. అడుగున కొత్తగా నల్లటి పూత కనపడితే, అది తుప్పు రాకుండా వేసిందా, వచ్చింది దాచడానికి వేసిందా అని అనుమానించడంలో తప్పులేదు.

ఇవన్నీ కలిపి చూసుకుంటే, రోడ్లు ఎప్పటికప్పుడు శుభ్రం చేసే చదునైన నగరంలో ఉండేవాళ్ళకి స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, నాలుగు మంచి వింటర్ టైర్లు చాలు, ఆల్ సీజన్ టైర్ల మీద తిరిగే ఖరీదైన ఎస్‌యూవీ కంటే అది ముందు ఆగుతుంది. ఇల్లు కొండ మీద ఉన్నా, స్నో తోసే బండి ఆలస్యంగా వచ్చే పల్లె రోడ్డయినా, డ్యూటీకి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాల్సి వచ్చినా ఆల్ వీల్ డ్రైవ్ డబ్బుకి తగ్గ పని చేస్తుంది, వింటర్ టైర్లు వేసినప్పుడే సుమా. రెండూ కొనే డబ్బు లేక ఏదో ఒకటి వదులుకోవాల్సొస్తే వదులుకోవాల్సింది ఆల్ వీల్ డ్రైవ్‌నే. నాలుగేసి టైర్ల సెట్లు రెండుంటే, వాడనిది ఎక్కడ దాచాలి అన్న ప్రశ్న మిగులుతుంది. ఒక సెట్ వాడుతున్నంత కాలం రెండోది అరగదు కాబట్టి ఖర్చు అనుకున్నంత పెరగదు, కానీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు టైర్లు పెట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళని ఒప్పించడం కారు ఎంచుకోవడం కంటే కష్టం కావచ్చు, అందుకే కొన్ని టైర్ల షాపులు అద్దెకి దాచిపెడతాయి.